నమూనా గుడ్డ లేని రంగు

వూచ్ నగరం, నాలుగో అంతస్తు బాల్కనీ.
కింద ట్రాము డిపో దీపాలు
రాత్రంతా నారింజ తొక్కలు ఒలుస్తుంటాయి.
ఇక్కడ ఆకాశమంటే
ఉతికి ఉతికి వెలిసిన కోటు లైనింగు.

ఐదు రాత్రులు, మూడు ఫిల్టర్లు.
గంధకానికొకటి, హైడ్రోజన్‌కొకటి, ఆక్సిజన్‌కొకటి.
వాటి సన్నని సందుల్లో
డిపో వెలుగు దూరలేదని చెప్పారు.
దూరలేదు, నిజమే.
నా చేతివేళ్లలోకి మాత్రం చలి దూరింది.

చివర్లో మూత పెట్టి చీకటిని కూడా ఫోటో తీశాను.
తెల్లారాక దూరదర్శిని మూతికి
తెల్లబనీను సాగదీసి కట్టి
ఉత్త మబ్బుని ఫోటో తీశాను.
అద్దం మీది దుమ్ము లెక్క తేలాలంటే అదే దారట.
పైఅంతస్తు హబెర్కో గారు తల వంచి చూసి
"జెనోబియా గారూ, ఆరేసుకోడానికి తాడు లేదా?" అన్నారు.

నూట నలభై బూడిద ముక్కలు
ఒకదానిమీద ఒకటి పేర్చితే
కంప్యూటర్లో తేలింది నల్లపలక.
అక్కడక్కడ చుక్కలు.
ఐదు రాత్రులకి ఇదా అని
కుర్చీలోంచి లేచిపోయాను.

వెలుగు లేక కాదు, అడుగున నలిగి ఉందట. సాగదీయాలట.
గోరంతను కొండంత చెయ్యడం
ఈ విద్యలో తప్పు కాదు, ఓనమాలు.
లాగాను. పొగలాంటి గులాబీ ఒకటి లేచింది.
ఆశ పుట్టి ఇంకా లాగాను.
ఇసుక, గరుకు, ఉండలు కట్టిన నూలు,
నక్షత్రాలున్న చోట కాలిన చిల్లులు.
బట్టతో బతికినదాన్ని,
ఎక్కడ ఆపాలో తెలియొద్దూ?
పదకొండుసార్లు చింపాను.

రంగులేసేసరికి ఇంకో గొడవ.
గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం.
కలిపితే అంతా ఆకుపచ్చే,
మా అమ్మ కాచే పుల్లాకు సూప్.
చుక్కల చుట్టూ వంగపువ్వు రంగు ఉంగరాలు.

ముప్పై ఒక్క ఏళ్లు అద్దకం గదిలో పనిచేశాను.
ఇప్పుడక్కడ కాఫీ అమ్ముతున్నారు.
ప్రతి రంగుకీ అరచేయంత నమూనా గుడ్డ ఉండేది.
ఉత్తరపు కిటికీలో పక్కపక్కన పెట్టి చూడాలి.
తేడా వస్తే తొట్టి మొత్తం మళ్లీ.
దీనికి నమూనా ఎవరి దగ్గరుంది?
వేల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగుతో
ఎవరూ ముక్క కత్తిరించి పంపలేదు.
అసలు హైడ్రోజన్, గంధకం రెండూ ఎరుపే,
కవల పిల్లలు.
పోల్చుకోడానికే ఒకదానికి వేరే చొక్కా తొడిగాం.

అప్పుడు గుర్తొచ్చింది,
మిల్లులో నా మొదటి వారం.
నీలిమందు తొట్టిలోంచి గుడ్డ పైకి లేపితే
ఆకుపచ్చగా, పసరుగా వచ్చింది.
తొట్టి పాడుచేశానని ఏడుపొచ్చింది నాకు.
"ఆగు," అంది మేస్త్రీ అపొలోనియా. "గాలి తగలనీ."
అంచుల్నించి మొదలైంది.
ఎవరూ చెయ్యి పెట్టకుండానే
ఆక్సిజన్ తాకినచోటల్లా నీలం.

లాగడం ఆపాను. టీ పెట్టుకున్నాను.
ఆకుపచ్చని కొంచెం దించాను, పూర్తిగా చంపలేదు.
ఆక్సిజన్ పొర బక్కది,
దాన్నొక్కదాన్నే పక్కకి తీసి
జ్వరం తగ్గిన పిల్లని లేపినట్టు లేపాను.
గులాబీ నడిమి గుంటలో
నీలం నిలబడింది.
చుట్టూ రేకులు తేనెరంగుకి తిరిగాయి.

హబెర్కో గారు చూసి
"దాని అసలు రంగు ఇదేనా?" అన్నారు.
వాయువులు అసలువే అన్నాను.
ఉన్న చోటు అసలుదే.
అద్దకం నాది.
ఆయన చాలాసేపు చూశారు.
ఆ రాత్రి పైబాల్కనీ దీపం వెలగలేదు.
మబ్బు పట్టి ఉంది కాబట్టి
దానివల్ల ఉపయోగమేమీ లేదు.

ఎడమ మూలన ఇంకా చిన్న గీత కనిపిస్తోంది,
బనీను నూలుపోగు అనుకుంటాను.
అపొలోనియా అయితే
తొట్టి మొత్తం మళ్లీ అనేది.
వారమంతా మంచు కురుస్తుందట.
ఉండనీ.