గుంట

మా వైపు ఆడపిల్లని గుంట అంటాం.
గొయ్యినీ గుంటే అంటాం.
ఆ సంగతి నాకు తట్టింది మాత్రం
పర్లాకిమిడి ఆసుపత్రి వరండాలో,
ఫిలిం సంచీ చంకన పెట్టుకుని
నంబరు పిలుస్తారని నిలబడ్డప్పుడే.

ఖోఖోలో పడింది మా ఊర్మిళ.
బెణుకు కోసం తీసిన ఫొటోలో
బెణుకు లేదు.
మోకాలికి పైన, తొడెముక వారన
మూడు చింతగింజలు అతుక్కున్నట్టు ఓ నల్లమచ్చ,
చుట్టూ సుద్దముక్కతో దిద్దినట్టు తెల్లటి అంచు.

నేను కొమ్ము పనివాణ్ణి.
గేదెకొమ్ముని నిప్పుల మీద కాచి
మెత్తబడ్డాక పలక చేసి, ఆకురాయి పట్టి
కొంగనీ రొయ్యనీ తీస్తాను.
కోసే ముందు ప్రతి ముక్కా దీపానికి అడ్డం పెడతాను.
లోపల మబ్బుంటే
పక్కన పడేస్తాను. ముప్పయ్యేళ్లుగా అంతే.
ఫిలిం కిటికీకి అడ్డం పెట్టినప్పుడు
చెయ్యి అలవాటు కొద్దీ
పక్కకి జరగబోయింది.
ఆ చేతిని నేనింకా క్షమించలేదు.

డాక్టరు పాణిగ్రాహి ఒడియాలో చెప్పాడు,
నేను తెలుగులో భయపడ్డాను.
డరిబార కిఛి నాహిఁ, అన్నాడు.
ఎదిగే పిల్లల్లో చాలామందికి ఉంటుందట,
ఎముక కావాల్సిన చోట
కాస్త నార నిలిచిపోతుందట,
ఎదుగుదల ఆగేలోగా ఎముకే దాన్ని పూడ్చుకుంటుందట.
మందు లేదు. కోత లేదు.
మరి నానేటి చెయ్యాలి బాబూ?
కిఛి నాహిఁ. ఏడాదికో ఫొటో.

ఏమీ చెయ్యకపోవడం నాకు చేతకాని పని.
ఆకురాయి పట్టుకుంటే రొయ్య మీసాలు విరిగేవి,
ఒకటి కాదు, ఆ నెలలో పదకొండు.
దాలమ్మ పసుపు కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది.
పిల్ల మాత్రం ఆ మచ్చ గజపతి జిల్లా మ్యాపులా ఉందని
సావాసగత్తెలకి చూపించి వచ్చింది.
పైగా ఫిలిం మీద వేలిముద్రలు.

ఏడాది తిరిగాక రెండో ఫొటో.
మచ్చ అంచుల్నించి తెల్లబడుతోంది,
మజ్జిగ తోడుకుంటున్నట్టు.
మోకాలికి మాత్రం ఇంకాస్త దూరం జరిగింది.
అదేంటి బాబూ, పైకి పాకుతోందా?
డాక్టరు నవ్వి రెండు ఫిలింలూ పక్కపక్కన పెట్టాడు.
అది ఉన్నచోటే ఉంది,
దాని కింద ఎముక పొడుగైంది.

బస్సు దిగి ఆ మాటే గుమ్మంలోంచి అరిచాను:
దాలమ్మా, గుంట పెరిగింది!
లోపల గిన్నె జారి పడింది.
ఏ గుంట? అంటూ పరుగున వచ్చింది,
చేతులకి పిండి, కళ్లనిండా నీళ్లు.

నా వెనక ఊర్మిళ
గడపకి తల తగలకుండా
మొదటిసారి వంగింది.