తూకానికి అమ్మే చెట్టు

ఇలోమంత్సి దాటాక రోడ్డు మంచులోకి దిగిపోతుంది.
దాని చివర సైమి ఇల్లు.
ఫిబ్రవరిలో కాటా భుజాన వేసుకుని వెళ్ళాను.
మిగతా కలపనంతా ఘనపు మీటర్లలో కొలుస్తాం,
ఈ ఒక్క బర్చ్‌ని మాత్రం కిలోల లెక్కన,
చేపల్ని తూచినట్టు.

మొదటిసారి చూసినవాళ్ళు జాలిపడతారు.
ఎదుగుదల మధ్యలో మానేసిన మాను,
గవదబిళ్ళలు లేచిన మెడలా
జానెడుకో బుడిపె.
తెల్లటి తోలు మీద నల్లటి పగుళ్ళు.
పక్కనే మామూలు బర్చ్‌లు
ఇరవై మీటర్ల పైనించి దీన్ని చూస్తుంటాయి,
పెళ్ళికి పిలవని చుట్టాన్ని చూసినట్టు.

పైన పటారం లోన లొటారం అంటారే,
ఆ సామెతను తలకిందులుగా నాటితే మొలిచిన చెట్టిది.
రంపం పెడితే లోపల
కాఫీలో పాలు పోసి కలపడం మర్చిపోయినట్టు
తేనెరంగు సుడులు,
సుడుల మధ్య గోధుమరంగు మరకలు
చిన్న చిన్న మంటల్లా.
కత్తిపిడికి ఇంతకంటే మంచి కర్ర లేదంటాడు ఓత్సో.
అరచేతి చెమటకి ఏటేటా రంగెక్కుతుందట.

నలభై రెండేళ్ళ కిందట
బంగాళదుంపల చేను దున్నడం ఆపేసి
సైమి ఆరువందల మొక్కలు పెట్టింది.
నర్సరీవాడు ముందే చెప్పాడు:
"దీని విత్తనం మాట మీద నిలబడదమ్మా.
సగం ఉంగరాలు తిరుగుతాయి, సగం తిరగవు.
ఏది ఏదో పదేళ్ళ దాకా చెట్టుకే తెలీదు."

మొదటి చలికాలం కుందేళ్ళు వచ్చాయి.
రెండో చలికాలం మంచు కింద సొరంగాలు తవ్వుకుంటూ ఎలుకలు.
ఒక్కో మొక్క చుట్టూ
బూట్లతో మంచు తొక్కి గట్టిచేసింది,
ఆరువందల సార్లు, హిమపాతం ఆగినప్పుడల్లా.
కొమ్మ బొటనవేలంత లావు కాకముందే
జూలైలో కోసేది.
వసంతంలో కోస్తే గాయం ఎండదు,
నెల పొడుగునా కారుతూనే ఉంటుంది.

పన్నెండో ఏట పలచన చేయాల్సి వచ్చింది.
తిన్నగా పెరిగినవాటిని నరికి
వంకరవాటిని ఉంచింది.
తౌనో కంచె అవతల నిలబడి
టోపీ తీసి తల గోక్కున్నాడు:
"అడవి పెంచడం ఎవరు నేర్పారే నీకు?"

నరికినవాటికీ మర్యాద తక్కువ కాలేదు.
తడిసినా అంటుకునే బెరడు పొయ్యి రాజేసింది.
ఆకు కొమ్మలు కట్టలై
జూన్ రాత్రి ఆవిరిగదిలో ఊరివాళ్ళ వీపుల మీద మోగాయి.
గట్టున నిలిచిన ముసలి బర్చ్‌లకు
ఏప్రిల్లో చిల్లుపెట్టి బకెట్ తగిలించేది.
ఆ నీళ్ళు నేనూ తాగాను.
నీళ్ళే.
మింగాక మాత్రం ఒక్క పిసరు తీపి.

మూడో వరుసలో ఏడో చెట్టు
నున్నగా ఉంది, ఒక్క బుడిపె లేదు.
దాన్నెందుకు ఉంచావని అడిగితే
"ఆ రోజు రంపంలో పెట్రోలు అయిపోయింది,
మర్నాడు బుద్ధి పుట్టలేదు" అంది.
తర్వాత ముప్ఫై ఏళ్ళు
పోతూ వస్తూ బొటనవేలితో దాని ఒళ్ళు తడిమేదట,
లోపల ఏదైనా తిరుగుతోందేమోనని.

ఈ ఫిబ్రవరిలో దాన్నీ పడగొట్టాం.
ఓత్సో చీల దిగ్గొట్టి, రెండుగా విప్పి,
కళ్ళజోడు పైకి తోసి,
చాలాసేపు చూశాడు.
"కట్టె" అన్నాడు.

తెల్లగా, తిన్నగా, ఏమీ రాయని కాగితంలా ఉంది.

సైమి నవ్వింది. దగ్గింది. మళ్ళీ నవ్వింది.
"దాన్ని కాటా ఎక్కించకు" అని నాతో అని
రెండు ముక్కల్నీ తనే స్లెడ్జి మీద వేసుకుని
ఇంటివైపు లాక్కుపోయింది.
పొయ్యిలో పెట్టిందో, గోడకి ఆనించి ఉంచిందో
నేను అడగలేదు.

మిగతావి నాలుగువేల వంద కిలోలు తూగాయి.
ఆ డబ్బులో కొంత అక్కడికక్కడే తీసి
మే నెలకి రెండువందల మొక్కలు చెప్పిపెట్టమంది.
ఆమెకిప్పుడు డెబ్బై మూడు.
లెక్కలు నా వృత్తి, అయినా ఆ కూడిక వేయలేదు.

పుస్తకంలో మూడో వరుస, ఏడో గడి
ఖాళీగా ఉంది.
ఆఫీసులో అడిగారు.
చలికి పెన్ను గడ్డకట్టిందని చెప్పాను.