తారీకుల పొట్లాలు

పురసవాక్కం అంగట్లో
మెరుపు కాగితం ఒక్కటి పాతిక రూపాయలన్నాడు.
మాకు పదకొండు పొట్లాలు.
నోటిలెక్క వేసుకుని
ఉత్త చేతులతో ఇరవైతొమ్మిది సి ఎక్కాను.

పెరంబూరు దాకా నిలబడే గొణుక్కున్నాను:
కుట్టుపనిదాన్ని,
కొలతకు మించి జానెడు గుడ్డ కొననిదాన్ని,
చింపి అవతల పారేసేదానికి
రెండు వందల డెబ్బై ఐదా?

ఇంటికొస్తే
మేకుకు వేలాడుతోంది ఏడాది.
కిరాణా కొట్టు సెల్వం ఊరికే ఇచ్చిన
రోజుకో కాగితం చింపే క్యాలెండరు.
రాహుకాలం, యమగండం, అడుగున అరవంలో ఓ సామెత.
వాటితో మాకు పనిలేదు,
ఆదివారం ఎర్రగా కనబడితే చాలు, గుడికెళ్ళడానికి.
చింపిన ఏ రోజునూ పారేయదు మా అత్తమ్మ.
వెనకవైపు పాల లెక్క రాసి
ఇనప తీగకు గుచ్చుతుంది.

ఆ రాత్రి తీగ దించాను.
మూడు వందల యాభై ఐదు రోజులు,
ఒక్కోదానికి నడుమ ఒక్కో చిల్లు.

మైదా ఉడికించి
కెజియా అంచుకు అంచు అతికిస్తుంటే
ఇస్త్రీపెట్టె సెగ తగ్గించి పైపైన పోనిచ్చాను.
వారాలు దుప్పటిలా పరుచుకున్నాయి.
సగం అయ్యాక అదే అంది,
చేతికంటిన జిగురు గౌనుకు తుడుచుకుంటూ:
"అమ్మా, ఎవరి రోజులు వాళ్ళకిద్దామే."

ఇక నిద్ర ఎక్కడిది?
ఇస్త్రీబండి మునియాండికి
అగ్నినక్షత్రం రోజులన్నీ.
రైలుపెట్టెల కార్ఖానాలో రంగులేసే మా మరిదికి
సెలవు దొరకని ఆదివారాలు.
లెక్కల పరీక్ష జరిగిన సోమవారాన్ని
కెజియా తన జతగత్తె పొట్లానికి
తలకిందులుగా అతికించి ఒక్కతే నవ్వుకుంది.
అత్తమ్మకేమో
ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ పక్కకు తీసేసి
ఇంటికొచ్చిన రోజు ఒక్కటే ఉంచాను.
ఒక్క కాగితం ఎటు చాలుతుంది,
చుట్టూ లైనింగు ముక్కలు అతుకులేశాను.

దారానికి, పూలమ్మే ధనకోటి ఇచ్చిన అరటినార.
నీళ్ళలో నానేస్తే చెప్పిన మాట వింటుంది.
ముడి మీద జత తప్పిన గుండీ.

పైవాటా డోరిస్ ఆంటీకి
డిసెంబరు మొదటి వారం.
తుఫాను నీళ్ళు గడప దాటి
నా మిషను పెడలు మింగుతుంటే
రెండో వైపు పట్టుకుని మెట్లెక్కించిన మనిషి,
డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో.
మూడు రాత్రులు వాళ్ళ హాల్లోనే పడుకున్నాం.
కింద మేకు మీద తారీకు కదల్లేదు.
బురద కడిగాక అత్తమ్మ
మూడు రోజుల్నీ ఒక్కసారే చింపింది.
అవి ఇంకా అంచులుబ్బే ఉన్నాయి,
ఇస్త్రీకి లొంగలేదు.

పండగ పొద్దున
ఆంటీ వెన్నరాసే కత్తితో
ఎక్కడా చినగకుండా పొట్లం విప్పింది.
లోపలున్నది వంటింటి ఏప్రను, మిగులు గుడ్డదే.
దాన్ని ఒళ్ళో పెట్టుకుని
మూడు తేదీలూ వేలితో తాకుతూ చదివింది.
ఏమీ అనలేదు.
తర్వాత కాగితం తిరగేసింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, వెనకవైపు.
అత్తమ్మ గుండ్రటి అక్షరాలు:
పాలు అర లీటరు. కిరసనాయిలు. బ్లీచింగు పొడి.
డోరిస్ దగ్గర తెచ్చింది, 500.
ఆంటీకి తెలుగు రాదు.
అంకెలు వచ్చు.

జనవరికి ఇచ్చేస్తానని నేను నోరు తెరిచేలోపే
బల్ల మీది పెన్సిలు తీసుకుని
ఐదు వందల మీద అడ్డంగా ఓ గీత గీసింది,
బడిపిల్ల తప్పు దిద్దినంత తేలిగ్గా.
పెన్సిలు మళ్ళీ అక్కడే పెట్టింది.

నాకు మాట దొరకలేదు.
ఏప్రను నడుం కొలత సరిపోయిందా అని మాత్రం అడిగాను.
కట్టుకు చూసి
ఒక అంగుళం వదులే, ఉండనీ అంది,
ఓవెన్లో ఇంకో కేకు ఉందిగా.