రెండో బుట్ట

కావలి ట్రంకు రోడ్డులో, జిరాక్సు కొట్టు మేడ మీద
సాయంత్రం ఆరున్నరకి స్పోకెన్ ఇంగ్లీషు.
పద్నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదానికి కాలు వంకర.
అది నాది.
ఆలస్యంగా వచ్చేవాళ్లకి అదే మిగుల్తుంది.

ఇవాళ సాహసం గురించి పాఠం.
ఎస్తేరు టీచరు బోర్డు మీద రాసింది:
పల్చటి ఐసు మీద నడవటం.
"అంటే ఏందో ఎవరైనా చెప్తారా?"

నేను చెయ్యెత్తలేదు గానీ
ఈ గదిలో ఐసు సంగతి తెలిసింది నాకే.
తుమ్మలపెంట దారిలో ఐసు ఫ్యాక్టరీలో
ఏడేళ్లుగా లెక్కలు రాస్తుండా.
మా కాడ పల్చటి ఐసు పుట్టదు.
నూటయాభై కేజీల దిమ్మ,
నడుమ తెల్లటి గీతతో, మసక గాజులాగా దిగుద్ది.
దాన్ని కొక్కెంతో లాగే సుబ్బరాయుడికి
కుడికాలి బొటనవేలు లేదు.
ఐసు పల్చబడేది తర్వాత,
రొయ్యల లారీ టోల్‌గేటు కాడ ఎండలో ఆగినప్పుడు.
అప్పుడు దాని మీద నడిచేది
నలభై కౌంటు రేటు.

రెండోది: గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టొద్దు.
పోర్టులో క్రేను నడపాలనుకునే ఖాజా లేచి అడిగాడు,
"రెండో బుట్ట ఎవరిస్తారు టీచర్?"
అందరూ నవ్వారు. టీచరు కూడా.
తర్వాత బోర్డుని, అవసరమైన దానికంటే
కొంచెం ఎక్కువసేపే తుడిచింది.

మా బుట్ట పాలిథిన్ సంచి.
ఆక్సిజన్ పట్టి, మూతి బిగించి, హేచరీ నుంచి తెచ్చిన సీడు.
కళ్లు తప్ప ఒళ్లు కనబడని పిల్లలు.
రెండెకరాల గుంట, లీజుకి.
నా గాజులు, ఆయన బండి, మా ఆడబిడ్డ పాడిన చీటీ
ముప్పై ఎనిమిది రోజులుగా ఆ నీళ్లల్లో ఈదతా ఉండాయి.
రాత్రిళ్లు చెంగయ్య గట్టు మీద
టార్చి వేసి చెక్‌ట్రే ఎత్తి చూస్తాడు:
మేత తిన్నాయా, తల మీద తెల్లమచ్చ లేదు గదా.
అవి తింటేనే మాకు అన్నం దిగుద్ది.

కొమ్మ చివరిదాకా పాకటం, అంటా ఉంది టీచరు.
మెడ ముందుకు చాచటం.
రాసుకుంటా అనుకున్నా:
ఈ ఇంగ్లీషు మాటల్లో ఎవరో ఒక మనిషి
పనిగట్టుకుని పోతాడు, ఐసు మీదకీ, కొమ్మ మీదకీ.
పోకుండా ఇంట్లో కూర్చున్నా వాడికి గడుస్తుందేమో.
మా సామెతల్లో మనిషి అప్పటికే లోపలుంటాడు.
రోట్లో తల పెట్టి రోకటి పోటుకి వెరిస్తే ఎట్టా, అంటది మా అత్త.
తల ఎప్పుడు పెట్టామో మాత్రం ఎవరికీ గుర్తుండదు.

చావో రేవో, అంటాడు చెంగయ్య.
రేవు అన్నప్పుడు కొంచెం సాగదీస్తాడు.
చిన్నప్పుడు ఇసకలో కూర్చుని
వాళ్ల నాయన పడవ రాని రోజులు లెక్కపెట్టినోడు.

నేనిక్కడికి వస్తున్నట్టు ఆయనకి తెలియదు.
నెల్లూరు కాడ రొయ్యల ప్లాంటులో
ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడే మనిషి కావాలన్నారు.
మేత బస్తాల లెక్కలో ఒక బస్తా ఎక్కువ రాసి
మొదటి నెల ఫీజు కట్టా.
ఫ్యాక్టరీ లెక్క ఏడేళ్లలో ఒక్క రూపాయి తప్పలేదు.
ఇంటి లెక్క తప్పింది.

ఒక్కోదానికి సొంత వాక్యం రాయండి, అంది టీచరు.
అప్పుడే ఫోను.
"కరెంటు పొయ్యింది. ఏరియేటర్లు ఆగినాయ్. డీజిలు లేదు.
యాడుండావ్?"
"ఫ్యాక్టరీలోనే ఉండా."
కింద ఏదో చిటుక్కుమంది.
వంకర కాలు కుర్చీ.

మెట్లు ఎట్టా దిగానో తెలియదు.
బంకు కుర్రాడు డబ్బా పట్టుకుని
ఎంతకి కొట్టమంటావక్కా, అన్నాడు.
పర్సు లోపలి జిప్పులో, రెండో నెలకని మడిచిన ఐదొందలు.
మడత విప్పకుండానే ఇచ్చా.

షేర్ ఆటో వెనక సీట్లో, కాళ్ల మధ్య డబ్బా.
రోడ్డంతా గుంటలు.
ఒలక్కుండా దాని కింద
ఇంగ్లీషు నోటుబుక్కు ఎత్తు పెట్టా.