ఆవిరట

నలభై రోజుల్లో నీళ్లన్నాడు ఇనాయత్ సేఠ్.
రంజాన్ వచ్చింది, పోయింది.
సల్వాలో బాబా ఇంటి వెనక
గుంతనిండా తుఫాను ఇసుక.

నేను రాయచోటి డ్రైవర్ని.
సేఠ్ ఉర్దూకూ బాబా అరబ్బీకీ నడుమ
నాలుక కూడా నాదే. జీతం ఒకటే.

టైల్స్ ఓడలో ఉన్నాయట.
మోటారు కస్టమ్స్‌లో చిక్కిందట.
నాకొచ్చిన అరబ్బీలో ఆ ‘ట’ లేదు.
అందుకే ప్రతి అబద్ధమూ
నేనే ఆడినట్టు బాబా నన్నే తిట్టేవాడు.

కడాకు నీళ్లు పట్టినారు.
తెల్లారేసరికి నాలుగు వేళ్లు దిగినాయి.
“ఎండ! ఆవిరి!” అన్నాడు సేఠ్.
మెట్టు మీద బకెట్ నింపి పెట్టినా.
మర్నాటికి బకెట్లో ఒక వేలు,
పూల్‌లో మళ్లీ నాలుగు.

కోరుట్ల గంగమల్లు, టైల్స్ మేస్త్రీ,
బీడీ గోడకు నలిపి అన్నాడు:
“మూడు నెల్లాయె పైసల్ లేవ్.
అడుగున ఒక్క సందు పూడ్వలే, అన్నా.”

ఏమంటాడు సేఠ్? అడిగాడు బాబా.

పనోళ్ల జీతాలు నువ్వే చేతికిస్తే
నీళ్లు నిలుస్తాయి, అనేసినా.

సేఠ్ ఏమీ అర్థంగాక
గట్టిగా తలూపినాడు.

‘ట’ లేని భాష
ఆ పూట కలిసొచ్చింది.