పొడి బరువు

పలాస. డయాలసిస్ గది, ఆరో మంచం.
మొదటి షిఫ్టు. కిటికీ అవతల
జీడి బట్టీల పొగ ఇంకా లేవలేదు.

బెంగుళూరు ఆసుపత్రి పంపిన కాయితం
రెండ్రోజులుగా కోటు జేబులో మడతలోనే ఉంది.
ముప్పైరెండు వేలు.
ఇక్కడ నాకు పద్నాలుగు.

"ఏదీ, సూపించమ్మా" అన్నాడు కూర్మయ్య,
ఎడంచెయ్యి మిషనుకి అప్పగించి
కుడిచెయ్యి చాపి.
పదిహేడేళ్ళు ఆ ఊళ్ళో సెంట్రింగు కొట్టిన మనిషి.
ఎన్ని అంతస్తులు ఎక్కాడో గాని
తలుపులు బిగించాక ఒక్క ఇంట్లోకీ వెళ్ళలేదట.

పాత చార్టు వెనక గీత గీశాం.
గది, తొమ్మిది వేలు.
"పది నెల్లద్దె ముందడుగుతారు, అదీ రాసుకో."
తొంభై వేలు.
ఏమీ తినకుండా బతికితే నా ఆర్నెల్ల పైచిలుకు జీతం.
మెస్సు. బస్సు పాసు. తమ్ముడి ఐటీఐ ఫీజు.
నైట్ డ్యూటీకి ఆటో.
"ఆడగుంటవి, అది తగ్గించకు."
ఊరికి రైలు టిక్కెట్టు.
"తత్కాలే దొరుకుద్ది. ఎప్పుడూ తత్కాలే."

"మరింటికెంత అంపుతావు?"
మిగిలితే చూస్తానన్నాను.
నవ్వాడు. సూది కదిలి మిషను కూసింది.
"మిగిల్తే అంపడమన్నది నేదమ్మా.
ముందు అంపీయాల. మిగిలింది తినాల."
పెన్ను లాక్కుని, అన్నిటికన్నా పైన
ఐదు వేలు వేశాడు.

నీళ్ళు, అని రాసి ఆగాను.
అక్కడ డబ్బా నీళ్ళు కొనాలి.
ఇక్కడా కొంటూనే ఉన్నాం.
రెండూళ్ళ పద్దుల్లో
ఆ ఒక్క వరసే సమానంగా వచ్చింది.
కూర్మయ్య దాని మీద వేలు పెట్టి
చాలాసేపు ఏమీ అనలేదు.

తీసివేతలు నాకు కొత్తేం కాదు.
పొద్దున్న తూకం అరవైరెండున్నర,
నాలుగ్గంటలయ్యాక అరవై.
ఒంట్లోంచి ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో
చార్టు మీద అంకె వేసి ఉంటుంది.
పొడి బరువంటాం.
అది దాటి లాగితే పిక్కలు పట్టేస్తాయి,
మనిషి మంచం మీదే చల్లబడిపోతాడు.

ముప్పైరెండు వేలకి
ఆ అంకె ఎవరూ వేసివ్వలేదు.
లాగుతూ పోయాం.
పదకొండు వందల నలభై దగ్గర
పెన్ను మూత పెట్టాడు.

"జ్వరమొస్తే?" అన్నాను.
"రానీకు" అన్నాడు.

సూదులు తీసి, దూది నొక్కి, లేపాను.
తూకం ఎక్కి, ముల్లు వైపు చూడకుండా
గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.
"సరిపోయిందేటి?"

నేను తూకం సంగతే చెప్పాను.