చెలమ లోతు

కడప కలెక్టరేటు గోడకానుకుని
రేకుల పందిరి కింద నా టైపు మిషను.
దానికి 'ళ' సగమే పడుతుంది.
ఇరవై రెండేళ్లుగా మిగతా సగం
పెన్నుతో దిద్దుకుంటూ బతుకుతున్నాను.

ఉశేనమ్మ మిట్టమధ్యాహ్నం వచ్చింది.
పాపాఘ్ని ఒడ్డున పాయపల్లె,
ఏటిగడ్డన కర్బూజా తోట.
తోట ఉండేదని రాయాలంట,
ఉందని కాదు.

వకీలు చౌడప్ప పంపిన చిత్తుప్రతి చదివి వినిపించాను.
దరఖాస్తుదారు: ఉశేనమ్మ, భర్త దస్తగిరి.
ప్రతివాదులు: ఒకటి నుంచి తొమ్మిది.
"ఏరు యాడుందప్పా ఇందులో?"
"షెడ్యూలులో ఉందమ్మా. ఆస్తి వివరాల కింద."
"తవ్వినోళ్లకు పేర్లుండాయి,
తవ్విచ్చుకున్న దానికి నంబరా?"
నేను కార్బను కాగితం సర్దుకున్నాను.

పేరా పన్నెండు:
నదిలో నీటిమట్టం, పూర్వం, ప్రస్తుతం.

ఆమె బల్ల మీద మోచేయి ఆనించింది.
"నా పెండ్లప్పుడు ఇసకలో చెలమ తీస్తే
ఇంత లోతున నీళ్లు, చెయ్యి పెడితే సల్లగ.
మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు నడుం లోతు.
జేసీబీలు దిగినాక మనిషి లోతు,
ఆ మనిషి నెత్తిన ఇంకో మనిషి."
"ఇప్పుడు?"
"ఇప్పుడు తవ్వబుద్ధి కాదు."

ఫోన్లో చౌడప్ప నవ్వాడు.
"మీటర్లలో కొట్టు సామీ,
ట్రిబ్యునలుకు మోచేతులుండవు."

పక్క టైలరు దగ్గర టేపు అడిగి తెచ్చాను.
మోచేతి నుంచి వేలి కొస దాకా
గాజుల దగ్గర టేపు రెండుసార్లు జారింది.
సున్నా పాయింటు నలభై మూడు.
నడుం లోతుకు నేను తటపటాయిస్తే
టీ అంగడి పాప వచ్చి కొలిచింది.
మనిషి, మనిషి మీద మనిషి:
మూడు పాయింటు సున్నా రెండు.
ఒక ఆడమనిషి ఒళ్లంతా
నాలుగు అంకెలై గడుల్లో కూర్చుంది.

వాల్టా సెక్షను చదివాను.
తాగునీటి బావికి ఐదొందల మీటర్ల లోపు
ఇసక తవ్వరాదు.
"అంటే ఎంత దూరం?"
"కేకేస్తే వినపడేంత."
"మా మేక అంత దూరం పోతే పిలుస్తా, తిరిగొస్తాది.
లారీని ఏమని పిలవల్ల?"

పేరా పద్నాలుగు, భూగర్భ జలాలు, వాతావరణ మార్పు:
చౌడప్ప రెండు పేజీలు రాశాడు.
ఆమె ఆ రెండు పేజీలూ విని అంది,
"ఆరుద్రలో పడాల్సిన వాన
స్వాతిలో ఒక్క రాత్రే కుమ్మరిస్తాంది.
ఇసకుంటే ఆ నీళ్లు మూటగట్టుకుంటాది.
ఇసక లేని ఏరు వట్టి కాలవ,
తెల్లారేసరికి సముద్రం పాలు."
వకీలుకు చెప్పకుండా
ఆ మాటల్ని పేరా చివర తగిలించాను.

పిటిషనంతా నీళ్లు, నీళ్లు, నీళ్లు.
ఆ సాయంత్రం ఎన్ని 'ళ'లు దిద్దానో
వేలికి సిరా మూడు రోజులు పోలేదు.

పదకొండు నెలలకు చెన్నై నుంచి ఉత్తర్వు.
మధ్యంతరమే. ఆరు పేజీలు.
నాలుగో పేజీలో సున్నా పాయింటు నలభై మూడు,
కామాతో సహా, నేను కొట్టినట్టే.
సంయుక్త కమిటీ జీపులొచ్చాయి,
గొడుగుల కింద నిలబడి ఫొటోలు తీసుకున్నాయి.
పగటి లారీలు ఆగాయి.
రాత్రి లారీల సంగతి
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

నిన్న మళ్లీ వచ్చింది.
"ఈ కాగితం పెద్దక్షరాల్లో కొట్టియ్యి,
లైటు ఏసుకోకుండా వచ్చే డ్రైవరుకు గూడా
కనపడల్ల."
నా మిషనుకు ఒకటే సైజు.
అట్ట ముక్క మీద బ్రష్షుతో నేనే రాసిచ్చాను.
ఈసారి 'ళ' మొత్తం ఒకే గీతలో పడింది.

పోతూ పోతూ వెనక్కి తిరిగింది.
"మొన్న చెలమ తీసినా.
నీళ్లు కాదులే. తడి.
నడుం దాటినాక, రొమ్ము కాడ."
తడికి ఫారంలో గడి లేదు.

వాయిదా పద్దెనిమిదికి.
ఆ ముందురోజు పాయపల్లెకు రమ్మంది,
టేపు మర్చిపోవద్దంది.